ఎంప్టీ ఎప్సిలాన్: కెప్టెన్‌కి ఒక్క బటన్ కూడా ఇవ్వని ఓడ ఆట

ఎంప్టీ ఎప్సిలాన్ అనే కంప్యూటర్ ఆట గురించి రాస్తున్నా. పైసా ఖర్చు లేదు, ఎవరైనా దించుకోవచ్చు. అంతరిక్ష నౌకను ఒక్కడే కూర్చుని నడిపే రకం కాదు. ఒక ఓడలో నలుగురైదుగురు కూర్చోవాలి, ఎవరి స్క్రీను వాళ్ళు చూసుకోవాలి, ఒకరికి కనపడేది ఇంకొకరికి కనపడదు కాబట్టి నోటితో చెప్పుకుంటా నడపాలి. నేను బోటు ఇంజన్ల మెకానిక్‌ని, కావలి పక్కన తుమ్మలపెంట వైపు సముద్రం ఒడ్డున మా ఇల్లు. ఈ ఆటలో రెండు ఓడలు ఎదురెదురు నిలబడి కొట్టుకోబోయిన ఒక రాత్రి నేను అందులో ఇంజను సీట్లో ఉన్నా. ఆ గొడవ ఎట్టా చల్లారిందో దగ్గరుండి చూశా. చల్లార్చిన గొప్ప మా సరంగుది, అంటే బోటుని నడిపించే పెద్దాయనది. ఆయనకి ఆ వీలు కల్పించిన గొప్ప ఈ ఆటది. రెండూ రాయాలనిపించింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డుకెక్కి ఉంటాయి. నాకు అప్పుడే పని ఎక్కువ, ఊరి ఇంజన్లన్నీ విప్పి పరిచేది ఆ రెండు నెలల్లోనే. కుర్రాళ్ళకి మాత్రం పగలు వల అల్లుకోవడం, బోటుకి రంగులేసుకోవడం తప్ప సాయంత్రానికి ఏమీ ఉండదు. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు ఈ ఆటని పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. తన స్నేహితుల లాప్‌టాప్‌లు కొన్ని, ఊళ్ళో చదువుకునే పిల్లలవి కొన్ని పోగుచేసి, తుఫాను షెల్టర్ పైఅంతస్తులో పెట్టింది. పెద్ద హాలు, గట్టి గోడలు, రెండు పక్కలా కిటికీలు. ఓడకొక టీవీ.

ఆట ఎట్టా ఉంటుందో ముందు చెబుతా. ఓడ నిండా మనుషులుంటే ఐదు సీట్లు. హెల్మ్ అంటే చుక్కాని పట్టేవాడు. ఓడ తిప్పడం, వేగం పెంచడం, అంతరిక్షంలో ఉండే స్టేషన్‌కి ఓడని కట్టడం వాడి పని. వెపన్స్ సీటు వాడు మిస్సైళ్ళు ట్యూబుల్లో నింపుతాడు, గురి పెడతాడు, దెబ్బ తగలకుండా కాపాడే షీల్డులు ఎత్తుతాడు, దించుతాడు. సైన్స్ సీటులో ఉన్నవాడికి అందరికంటే దూరం కనపడుతుంది. కొత్త ఓడ ఏదైనా మొదట బూడిద రంగు చుక్కగానే కనపడుతుంది. వాడు కూర్చుని స్కాన్ చేస్తేనే మనవాడా పగవాడా తేలుతుంది. రిలే సీటు వాడు పెద్ద మ్యాపు చూస్తాడు, వేరే ఓడలతో మాట్లాడేదీ వాడే. ఇంజనీరింగ్ సీటు నాది. మనుషులు తక్కువైతే ఈ ఐదింటినీ మూడు సీట్లుగా కలిపిన స్క్రీన్లూ ఉన్నాయి. హెల్మూ వెపన్సూ కలిపి ఒకటి, సైన్సూ రిలేయూ కలిపి ఒకటి, ఇంజనీరింగ్‌కి షీల్డులు కలిపి ఒకటి. మా లాప్‌టాప్‌ల లెక్కకి అదే సరిపోయింది.

ఇంజనీరింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్పనివ్వండి, నేను బతికేది ఇంజన్లతో. ఈ సీట్లో ఓడలోని ఒక్కో విభాగానికీ ఎనర్జీ పుట్టించే రియాక్టరు, కిరణాలతో కొట్టే బీములు, మిస్సైళ్ళు, మలుపు తిరిగే ఇంజను, ముందుకు తోసే ఇంజను, ముందు షీల్డు, వెనక షీల్డు అని విడివిడి గీతలుంటాయి. దేనికైనా కరెంటు 300 శాతం దాకా పెంచొచ్చు. పెంచితే ఆ విభాగం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వెంటనే వేడెక్కుతుంది. వేడి హద్దు దాటితే దెబ్బతింటుంది. వేడి తగ్గించే కూలెంట్ ఉన్నది ఉన్నంతే. ఒకదానికి పోస్తే ఇంకోదాని దగ్గర్నుంచి తీయాల. ఓడలో రిపేరు మనుషులు ఇద్దరు ముగ్గురుంటారు, వాళ్ళని గదుల్లోకి పంపించుకోవాలి. ఫుల్ త్రాటిల్ మీద ఇంజను లాగేసి, పంపులో నీళ్ళు తిరక్క సీజైపోయిన బోట్లు ఎన్నో విప్పినవాణ్ణి నేను. ఈ స్క్రీను తయారుచేసినవాడికి వేడంటే ఏందో తెలుసు. పక్కనున్న కుర్రోడు "మేస్త్రీ, బీములకి పెంచు పెంచు" అని అరిస్తే పెంచడం సులువు. పెంచాక ఏం జరుగుతుందో తెలిసినవాడు ఓడలో ఒకడుండాల.

ఇంకో ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ఓడని మనమే పేల్చేసుకునే బటన్ ఒకటుంది. ఇంజనీరింగ్ నుంచి మొదలుపెట్టాల్సిందే, కానీ దానికి కావాల్సిన కోడ్లు వేరే సీట్ల స్క్రీన్ల మీద ప్రత్యక్షమవుతాయి. ఒకరి కోడ్ ఒకరు చదివి చెప్పాల, వేరేవాళ్ళు కొట్టాల. ఒక్కడి కోపంతో ఓడ పోదు.

ఇక కెప్టెన్. ఈ ఆటలో కెప్టెన్‌కి స్క్రీను లేదు. సీటు ఉంది, ఎదురుగా టీవీలో బయటి దృశ్యం ఉంది, అంతే. మౌసు లేదు, కీబోర్డు లేదు. ఏది తెలుసుకోవాలన్నా అడగాల, ఏది చేయించాలన్నా చెప్పాల. ఆర్టెమిస్ అని ఇదే పద్ధతిలో డబ్బుపెట్టి కొనుక్కునే ఆట ఇంకోటుంది, ఎంప్టీ ఎప్సిలాన్‌కి స్ఫూర్తి అదేనట, అందులోనూ కెప్టెన్‌కి పని చేసే స్క్రీను ఇవ్వలేదని మా అమ్మాయి చెప్పింది. మొదట్లో కుర్రాళ్ళు ఎవరూ కెప్టెన్‌గా ఉండనన్నారు. బటన్లు లేని సీటు ఎవడికి కావాల? ప్రతివాడికీ మిస్సైళ్ళే కావాల.

అందుకని మా సరంగన్నని కూర్చోబెట్టాం. నాకంటే పెద్దాయన, నాకు తెలిసి ఆయన చిన్నప్పట్నుంచీ సముద్రం మీదే ఉన్నాడు. ఇంగ్లీషు చదవడం రాదు. ఈ ఆటలో స్క్రీన్ల మీదున్నదంతా ఇంగ్లీషే. వేరే ఏ ఆటైనా ఆయన్ని గోడకానుకొని చూసేవాడిగానే మిగిల్చేది. ఇక్కడ కెప్టెన్‌కి చదవాల్సిన అవసరం లేదు, అడగడం తెలిస్తే చాలు. "ఎంత దూరం? యే దిక్కు? వాడి వేగమెంత? మన దగ్గర ఎంత మిగిలుండాది?" అని ఆయన అడిగే నాలుగు ప్రశ్నలకీ ఓడలో పనంతా కుదురుకునేది. ఆయన గొంతు హాలు అవతలి పక్కకి వినపడదు. వినాలంటే మనం మాటలాపాల. అందుకే మా ఓడ ఎప్పుడూ నిమ్మళంగా ఉండేది.

ఆ రాత్రి సంగతి చెప్పాలంటే దాని వెనకున్న గొడవ చెప్పాల. మా పాలేనికీ పక్క పాలేనికీ వలల తగాదా. రాత్రిపూట వేసిన వలల మీదుగా ఒక బోటు పోయింది, వలలు తెగిపోయాయి, ఎవరి బోటనేది ఇటోళ్ళు ఒకటి అంటారు, అటోళ్ళు ఒకటి అంటారు. పెద్దలు కూర్చున్నారు, డబ్బు కొంత చేతులు మారింది, కుర్రాళ్ళు మాత్రం రేవులో ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారు. సముద్రం మీద ఇట్టాంటివి కొత్త కాదు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేట చేయకూడదని మన రాష్ట్రంలో చట్టం ఉంది, ఆ నీళ్ళు చిన్న బోట్లవాళ్ళకని. ఆ గీత నీళ్ళ మీద కనపడదు కదా. తమిళనాడు పెద్ద బోట్లతో మనవాళ్ళకి ఎన్నేళ్ళుగానో నడుస్తున్న గొడవలు పేపర్లో చూస్తూనే ఉన్నారు. చీకట్లో రెండు బోట్లు ఎదురైతే అక్కడ పోలీసుండడు, పెద్దమనిషుండడు. రెండు బోట్ల మీదా ఉన్న సరంగులు ఎట్టాంటోళ్ళో దాన్ని బట్టి తెల్లారుతుంది.

పక్క పాలెం కుర్రాళ్ళు కూడా ఈ ఆట గురించి విని వస్తామన్నారు. వద్దనే వాళ్ళు మా వాళ్ళలో ఉన్నారు. మా అమ్మాయి రమ్మంది. వాళ్ళకో ఓడ, మాకో ఓడ. తను గేమ్ మాస్టర్ స్క్రీను ముందు కూర్చుంది. ఆ స్క్రీను నుంచి కొత్త ఓడల్ని పుట్టించొచ్చు, ఉన్నవాటిని జరపొచ్చు, ఎవరితోనైనా మాట్లాడొచ్చు. మా ఓడ హ్యూమన్ నేవీ తరఫు, వాళ్ళది క్రేలార్ తరఫు. ఆట లెక్కలో ఈ రెండు పక్షాలకీ పగ. ఎక్సువారీ అని అందరి మీదా పడే దొంగల గుంపు ఒకటుంది, రెండు ఓడల్నీ వేరువేరు చోట్ల వాళ్ళతో పోరాడించి అలసగొట్టి, మధ్యలో ఏ పక్షానికీ చెందని స్టేషన్ ఒకటి పెట్టింది. ఎనర్జీ నింపుకోవాలంటే ఆ స్టేషన్‌కి కట్టాల్సిందే. ఇద్దరూ ఒకేసారి అక్కడికి చేరారు.

వాళ్ళ ఓడ ముక్కు మా వైపు తిప్పి ఆగింది. మావాడు కూడా ముక్కు వాళ్ళ వైపే పెట్టాడు. షీల్డులు ఎత్తమన్నారు, ఎత్తాను. ఈ ఆటలో షీల్డులు ఊరికే నిలబడవు, ఎత్తి ఉంచినంతసేపూ ఎనర్జీ తాగుతాయి. వెయ్యి నుంచి మొదలైన అంకె నా స్క్రీను మీద రెండొందలకి కాస్త పైన ఉంది, చూస్తుండగానే దిగుతోంది.

అప్పుడు వాళ్ళ ఓడ నుంచి పిలుపొచ్చింది. ఎత్తాలా వద్దా అని స్క్రీను అడుగుతుంది. సైన్సూ రేడియో రెండూ చూసే మా కుర్రోడు "ఎత్తద్దు మామా" అన్నాడు. సరంగన్న "ఎత్తు, ఏమంటారో విందాం" అన్నాడు. ఎత్తితే వచ్చిన రాత, తెలుగే కానీ ఇంగ్లీషు అక్షరాల్లో: వలలు కోసినోళ్ళకి ఇక్కడ చోటు లేదు, పక్కకి పోండి.

కుర్రోడు దాన్ని పైకి చదివాడు. హాలంతా ఆట నుంచి ఊళ్ళోకి వచ్చేసింది. కిటికీల దగ్గర నిలబడి చూస్తున్న వాళ్ళు కూడా గమ్మునైపోయారు. మా చుక్కాని దగ్గర కూర్చున్నవాడి మొహం చూశా, చెవుల దాకా ఎర్రబడింది. తెగిన వలలు వాళ్ళ నాయనవే. వాడు సరంగన్న వైపు తిరగను కూడా తిరగలేదు. "న్యూక్ ఎక్కించేశా మామా, ఊ అను చాలు" అన్నాడు.

న్యూక్ అంటే పెద్ద మిస్సైలు, పేలితే చుట్టుపక్కల ఉన్న వాటన్నిటినీ తీసుకుపోతుంది.

సరంగన్న వద్దనలేదు. అక్కడ్నుంచి ఆయన చేసిందంతా ఒక్కొక్కటిగా రాస్తున్నా, ఎందుకంటే ఆ తర్వాత చాలాసార్లు తలుచుకున్నా.

ముందు సైన్స్ కుర్రోణ్ణి అడిగాడు, "ఎంత దూరంలో ఉండారబ్బయ్యా?" వాడు చెప్పాడు. "అది పేలితే స్టేషన్‌కి తగులుద్దా?" తగులుతుంది అన్నాడు. "మనకి?" మనకీ కొంత తగులుతుంది. "సరే" అన్నాడు. ఆ "సరే" లో కోపం లేదు, తిట్టు లేదు. చుక్కాని దగ్గరున్నవాడు తనంతట తానే ఆ లెక్క విన్నాడు.

తర్వాత నావైపు తిరిగాడు. "మేస్త్రీ, ఇట్టానే నిలబడితే ఎంతసేపు నిలవగలం?" కొద్ది నిమిషాలు అన్నా. "షీల్డులు దించితే?" చాలాసేపు. "వాళ్ళకీ ఇంతేనా?" వాళ్ళ ఓడా మా రకమే, వాళ్ళూ దొంగలతో పోరాడి వచ్చినవాళ్ళే, వాళ్ళకీ ఇంతే ఉంటుందన్నా.

ఆయన కాసేపు టీవీ వైపే చూస్తా ఉన్నాడు. మా వెనకాల ఎవరో "భయపడిపోయాడు" అన్నారు. విన్నాడో లేదో, తల తిప్పలేదు.

"నాయనా, ముక్కు స్టేషన్ వైపుకి తిప్పు. గబుక్కున వద్దు, మెల్లిగా. వాళ్ళు చూడాల" అన్నాడు చుక్కాని వాడితో. అందరికంటే కోపంగా ఉన్నవాడికే అందరికంటే జాగ్రత్తైన పని ఇచ్చాడు. మెల్లిగా తిప్పాలంటే మౌసు మీద చెయ్యి కుదురుగా ఉండాల. వాడు పళ్ళు బిగించి తిప్పాడు. బీములు ఎక్కువగా ఓడ ముందునుంచే కొడతాయి కాబట్టి, ముక్కు పక్కకి తిప్పిన ఓడ కొట్టడానికి రాలేదని అవతలి రాడార్ మీద తెలిసిపోతుంది.

"ఇప్పుడు ఆ గొట్టం ఖాళీ చెయ్యి."

"మామా!"

"ఖాళీ చెయ్యి నాయనా. కావాలంటే మళ్ళీ నింపుకోవచ్చు గదా."

ఆ "మళ్ళీ నింపుకోవచ్చు" అన్న మాట దగ్గర వాడి భుజాలు దిగాయి. శాశ్వతంగా వదులుకోమనలేదు, ఇప్పటికి పక్కన పెట్టమన్నాడు. ఖాళీ చేశాడు.

"మేస్త్రీ, షీల్డులు దించు." నేను ఆయన మొహం చూశా. ఆయన మళ్ళీ చెప్పలేదు, నావైపు చూస్తా ఉన్నాడు. దించాను. అంకె దిగడం నెమ్మదించింది.

అప్పుడు రేడియో కుర్రోడి పక్కకి కుర్చీ జరుపుకొని, ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పి టైపు చేయించాడు. "మా దగ్గర కరెంటు నూటా ఎనభై ఉండాది. మీ దగ్గరా అట్టానే ఉంటది. షీల్డులు దించేశాం. ముందు మీరు కట్టుకోండి, మేం బయట నిలబడతాం. వలల సంగతి రేపు పొద్దున మీ రేవుకొచ్చి మాట్లాడతా. నేనే వస్తా."

కుర్రోడు ఆఖరి మాట దగ్గర ఆగి "ఇది కూడా కొట్టాలా మామా?" అన్నాడు. "అదే ముఖ్యం, కొట్టు" అన్నాడు.

నేను ఇన్నేళ్ళలో పంచాయతీలు చాలా చూశా. ఒక మాట అనిపించుకున్నవాడు రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. తిరిగి అంటాడు, లేదంటే వినపడనట్టు దాటేస్తాడు. సరంగన్న ఆ మాటని చేతిలోకి తీసుకొని, దానికొక చోటు, ఒక పొద్దు చూపించాడు. ఇప్పుడు కాదు, ఇక్కడ కాదు, కానీ తప్పకుండా. తన దగ్గర ఎంత తక్కువుందో ముందు తనే చెప్పేశాడు. బలం చూపించి భయపెట్టాలని మా కుర్రాళ్ళందరూ అనుకుంటున్న చోట ఆయన ఖాళీ అవుతున్న ట్యాంకు చూపించాడు. అవతలి వాళ్ళ ఇంజను సీట్లో కూర్చున్న కుర్రోడు కూడా సరిగ్గా అదే అంకెని చూస్తా భయపడుతున్నాడని ఆయనకి తెలుసు.

జవాబు రావడానికి టైం పట్టింది. హాలు అవతలి పక్క వాళ్ళు తలలు దగ్గర పెట్టుకొని గుసగుసలాడుకుంటున్నారు. ఒకడు లేచి నిలబడి చేతులూపుతున్నాడు, ఇంకొకడు వాణ్ణి చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. వాళ్ళ కెప్టెన్ పాతికేళ్ళలోపు పిల్లగాడు. మా వైపు చూశాడు. సరంగన్న టీవీ మీదనుంచి చూపు తీసి, వాడికి తలాడించాడు. అంతే.

వాళ్ళ ఓడ ముక్కు తిరిగింది. స్టేషన్‌కి కట్టుకున్నారు.

అంతా అయిపోయిందనుకునేలోపు మా అమ్మాయి దొంగల ఓడలు రెండింటిని దూరాన పుట్టించింది. వాటిని ముందు చూసింది మా సైన్స్ కుర్రోడు. షీల్డులు దించి, ఎనర్జీ అడుగంటి, మేం బయట ఉన్నాం. రేడియో మోగింది. ఈసారి ఎత్తాలా వద్దా అని ఎవరూ అడగలేదు. "మాకు నిండింది, విప్పుకొస్తున్నాం. మీరు కట్టుకోండి, మేం చూసుకుంటాం" అని రాశారు. చుక్కాని కుర్రోడు ఆ మాట పైకి చదవడం విని, ఏమీ అనకుండా ఓడని స్టేషన్ వైపు తోలాడు.

పొద్దున్నే సరంగన్న పక్క పాలెం రేవుకి పోయాడు. చుక్కాని కుర్రోణ్ణీ, వాళ్ళ నాయన్నీ వెంటబెట్టుకొని పోయాడు. వలల లెక్క ఒక్కరోజులో తేలేది కాదు, పెద్దలు ఇంకా కూర్చుంటూనే ఉన్నారు. కుర్రాళ్ళు మాత్రం షెల్టర్‌కి వస్తూనే ఉన్నారు, రెండు పాలేలవాళ్ళూ.

ఆ తర్వాత మా అమ్మాయి వాళ్ళందరికీ అపోలో-సోయుజ్ కథ చెప్పింది. అమెరికా, రష్యా ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకొని కూర్చున్న కాలంలో, 1975 జులై 17న రెండు దేశాల ఓడలు భూమి చుట్టూ తిరుగుతూ ఒకదానికొకటి కట్టుకున్నాయి. అటు అమెరికా నుంచి స్టాఫర్డ్, ఇటు రష్యా నుంచి లియొనొవ్, తలుపు తీసి చేతులు కలిపారు. లియొనొవ్ ఇంగ్లీషులో మాట్లాడాడు, స్టాఫర్డ్ రష్యన్‌లో మాట్లాడాడు. నాకు అందులో బాగా పట్టుకున్నవి ఇనుము సంగతులు. అపోలోలో ఉత్త ఆక్సిజన్, తక్కువ ఒత్తిడిలో. సోయుజ్‌లో మనం పీల్చే గాలి లాంటిది, అపోలో కంటే ఎక్కువ ఒత్తిడిలో. తలుపులు సూటిగా తెరిస్తే కుదరదు. అందుకని మధ్యలో ఒక గది చేసి పెట్టారు. మనిషి అందులోకి వచ్చి, తలుపు మూసుకొని, గాలి ఒత్తిడి సరిచేసుకొని, అప్పుడు అవతలి తలుపు తీయాల. ఇంకో సంగతి, అంతకు ముందు రెండు ఓడలు కట్టాలంటే ఒకదానికి దూరే మొన, ఇంకోదానికి దాన్ని పట్టే గుంట ఉండేవి. ఈ రెండు దేశాల్లో ఎవరు మొన, ఎవరు గుంట? అందుకని రెండు వైపులా ఒకే రకం ఉండేట్టు, ఏ ఓడైనా ముందుకొచ్చి పట్టుకోగలిగేట్టు కొత్త బిగింపు చేశారు. ఎవరూ తగ్గినట్టు కాకుండా ఇద్దరూ కలిసే బిగింపు. ఆ ముక్క చెప్పినప్పుడు సరంగన్న "చూశావా మేస్త్రీ" అన్నాడు నాతో.

ఎంప్టీ ఎప్సిలాన్‌లో అట్టాంటి మధ్యగది ఏదీ లేదు. స్టేషన్‌కి కట్టడం ఒక బటన్ నొక్కడమే. పగవాళ్ళ ఓడలు రెండూ నేరుగా ఒకదానికొకటి కట్టుకునే వీలుంటే, దానికి రెండు వైపులా ఒప్పుకోవాల్సిన ఏర్పాటుంటే ఇంకా బాగుండేది. ఆట తెరిచిన కోడ్‌తో ఉంది, ఎవరైనా మార్చుకోవచ్చు. మా అమ్మాయిని అడుగుతున్నా, చేస్తానంది.

లోపాలు చెప్పకపోతే రివ్యూ కాదు. మొదటిది, అంతా ఇంగ్లీషు. కెప్టెన్‌కి ఇబ్బంది లేదు గానీ మిగతా సీట్లలో ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలు తడబడతారు. సీటుకి సంబంధించిన మాటలు ఒక కాగితం మీద తెలుగులో రాసి లాప్‌టాప్ పక్కన అంటించాం, దాంతో పని జరిగింది. రెండోది, మేం ఓడ నుంచి ఓడకి మాట్లాడుకున్నది టైపు చేసి మాత్రమే. గొంతు ఉంటే బాగుండు అనిపిస్తుంది. కానీ ఆ రాత్రి గొంతు వినపడి ఉంటే వలల మాట అన్నవాడి గొంతుకి మా చుక్కాని వాడు ఏం చేసేవాడో! టైపు చేసే ఆలస్యమే మాకు మేలు చేసిందని మా అమ్మాయి అంటుంది, నేనూ ఒప్పుకుంటా. మూడోది, గేమ్ మాస్టర్‌గా కూర్చునేవాళ్ళకి ఓర్పుండాల. ఆ గొడవ నడుస్తున్నంతసేపూ ఒక్క క్లిక్కుతో రెండు ఓడల్నీ విడదీసి అటొకటి ఇటొకటి పారేయగల స్క్రీను మా అమ్మాయి ముందుంది. చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. పెద్దాయన చూసుకుంటాడని నమ్మింది. దానికి ధైర్యం కావాల.

పెట్టుకోవాలనుకునే వాళ్ళకి పనికొచ్చే ముక్కలు. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఒక రౌటరుంటే చాలు, అన్ని లాప్‌టాప్‌లూ దానికి కలపాల. ఒక లాప్‌టాప్ సర్వరుగా ఉంటుంది, మిగతావి దాన్ని పట్టుకుంటాయి. అన్నిట్లో ఒకే వెర్షన్ ఉండాల, లేకుంటే కలవవు. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ ఆడుతుంది, పెద్ద కంప్యూటర్లు అక్కర్లేదు. మొదటి రోజు రెండు ఓడలు పెట్టొద్దు. ఒకే ఓడలో అందరినీ కూర్చోబెట్టి, దొంగల మీద ఆడించండి, సీట్లు మార్చి మార్చి. మిస్సైళ్ళ మీద మోజు తీరాక రెండో ఓడ పెట్టండి. కెప్టెన్ సీటు ఎవరికివ్వాలి అంటే, ఊళ్ళో ఎవరి మాటకి నలుగురు ఆగుతారో వాళ్ళకి. కంప్యూటర్ ముట్టుకోనివాళ్ళైనా సరే. చేపలు వేలం పాడే మా చిన్నమ్మని ఒకసారి కూర్చోబెట్టాలని నాకుంది, ఒడ్డున నలభై మంది అరుస్తున్నా లెక్క తప్పని మనిషి. ఈసారి నిషేధం రోజుల్లో అడుగుతా.

ఐదుకి నాలుగున్నర ఇస్తా. ఆ అర తెలుగు లేనందుకు తగ్గించా.

ఇంకొక్కటి. కరెంటు పోతే సర్వరు పోతుంది, సర్వరు పోతే రెండు ఓడలూ మొదటికి వస్తాయి. ఎండాకాలం రాత్రులు మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. సర్వరు లాప్‌టాప్ బ్యాటరీ బాగుండేది చూసుకోండి, రౌటరుని ఇన్వర్టరు మీద పెట్టండి.